నడపావడ మీద అయిదో నంబరు

కాసిం భాయ్ మా కోరుట్ల లాండ్రీ దుకాణం మెట్లెక్కిన పూట నేను ఒక పెళ్ళి షేర్వాణీతో కుస్తీ పడుతున్నాను. దానికి సబ్బు పడదు, ఆవిరి పడదు, ఎండ అసలే పడదు. ఈ కాలం బట్టలన్నీ కొత్తల్లుళ్ళలా తయారయ్యాయి, ఎప్పుడు దేనికి అలుగుతాయో తెలియదు. తలెత్తి చూస్తే తెల్లగడ్డం పెద్దమనిషి ఒకాయన గడపలో నిలబడి, నన్ను కాకుండా నా చేతిలోని ఇస్త్రీ పెట్టెను చూస్తున్నాడు. "ఏమప్పా రాజేశం, ఇంకా ముందు కాలర్ నుంచే మొదలుపెడతాండావా? చేతులు ముందు చెయ్యల్లని ఎన్నిసార్లు చెప్పినా?" అన్నాడు. ముప్పై ఏళ్ళ పైమాట ఆ గొంతు విని. కౌంటర్ దాటి వెళ్ళి వాటేసుకున్నాను. కడప మనిషికి కోరుట్లలో ఏం పనంటే, మనవడికి జగిత్యాల బ్యాంకులో ఉద్యోగం వచ్చిందట. వాడి కొత్త కాపురం చూడ్డానికి వచ్చి, సౌదీ నుంచి తిరిగొచ్చిన వాళ్ళను ఒకరి తర్వాత ఒకరిని అడుగుతూ, ఆ మనవణ్ణే వెంటబెట్టుకుని వచ్చి నన్ను పట్టుకున్నాడు.

నా దుకాణంలో ఒక అద్దాల బీరువా ఉంది. ప్రతి లాండ్రీలోనూ ఉండేదే, ఉతికించుకోవడానికి ఇచ్చి మళ్ళీ రాని వాళ్ళ బట్టలుండే బీరువా. అందులో అన్నిటికన్నా పైన, విడిగా ఒక హ్యాంగర్‌కి, నిమ్మపండు రంగు నూలు చొక్కా వేలాడుతుంటుంది. పొడుగు చేతులు, ఆకుపచ్చ కాలర్, వీపున కుట్టిన అయిదో నంబరు. దానికి 'ఇవ్వవలసినది' అని నా చేతిరాతతో చీటీ. అమ్ముతావా అని అడిగిన కుర్రకారును ఎందరినో తిట్టి పంపాను. కాసిం భాయ్ టీ గ్లాసు పట్టుకుని ఆ బీరువా ముందు ఆగిపోయాడు. చీటీని కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చదివాడు. "ఇవ్వల్సిందా? ఎవరికి?" అన్నాడు. "ఇంకెవలకు భాయ్, డెరెక్ సార్‌కే. ఆయన ఏడున్నడో, ఉన్నడో లేడో తెల్వది," అన్నాను. ఆయన నా వైపు వింతగా చూసి, కుర్చీ లాక్కుని కూర్చుని, "ఓరి పిచ్చోడా," అన్నాడు. ఆ మాట ఎందుకన్నాడో చెప్పాలంటే నేను ముందు రాబిగ్ వెళ్ళి రావాలి.

సౌదీలో రాబిగ్ దగ్గర, ఎర్రసముద్రపు ఉప్పుగాలి తగిలేంత దూరంలో మా కంపెనీ క్యాంపు ఉండేది. రిఫైనరీ పనులకు వచ్చిన అన్ని దేశాల వాళ్ళ బట్టలూ మా లాండ్రీకే వచ్చేవి. ముఖాలు చూడకుండానే మనిషి పని చెప్పేవాణ్ణి నేను. కాలిన ఇనుము వాసన వస్తే వెల్డరు, తుప్పు వాసన వస్తే గొట్టాలెక్కి పనిచేసే స్కఫోల్డింగ్ మనిషి, ఉల్లిగడ్డ వాసన వస్తే మెస్సు వంటవాడు, అత్తరు వస్తే ఆఫీసు గుమాస్తా. తెల్లవారి నమాజు అయ్యాక కాసిం భాయ్ వచ్చి బాయిలర్ మూత మీద యాలకుల టీ పెట్టేవాడు. లాండ్రీకి ఆయన పెద్ద. ఆవిరి ఇస్త్రీ పెట్టెలు వరసగా ఉన్నా సరే, నోట్లో నీళ్ళు పోసుకుని చొక్కా మీద తుంపరగా ఊదితే గానీ ఆయనకు ఇస్త్రీ చేసినట్టు ఉండేది కాదు. కంపెనీ సూపర్‌వైజర్ చూస్తే గొడవ. అందుకని ఎవరైనా వచ్చే అలికిడైతే గుటుక్కున మింగేసేవాడు. మధ్యాహ్నం మెస్సు అన్నం గిన్నెలు బాయిలర్ పక్కన వేడిగా పెట్టుకుని, ఇస్త్రీ బల్ల మీద పాత దుప్పటి పరిచి, ఆయన గోంగూర పచ్చడీ నా మామిడికాయ తొక్కూ కలుపుకుని తినేవాళ్ళం. రెండు వారాలకోసారి శుక్రవారం కంపెనీ బస్సులో జెద్దాలోని షరఫియా బజారుకు వెళ్ళి కొత్త పచ్చళ్ళూ, పాత తెలుగు వారపత్రికలూ తెచ్చుకునేవాళ్ళం. నేను కథలు రాయడం అంటూ మొదలుపెట్టింది ఆ పత్రికలు చదివి, ఇంతకన్నా నేనే నయంగా రాయగలనన్న పొగరుతోనే.

నేను చాకలి ఇంటి పిల్లవాణ్ణి. ఊళ్ళో మా బాపు ప్రతి ఇంటి బట్టకూ ఒక గుర్తు వేసేవాడు. నల్లజీడి గింజను ముల్లుతో పొడిచి, ఆ రసంతో బట్ట అంచున చుక్కో గీతో పెట్టి, పైన తడి సున్నం అద్దేవాడు. ఇక ఆ బట్ట చిరిగిపోవాలే తప్ప గుర్తు పోదు. నేను సౌదీ బయలుదేరుతుంటే అందరూ పచ్చళ్ళు కట్టిచ్చారు, బాపు మాత్రం గుప్పెడు జీడిగింజలూ ఒక సున్నం డబ్బా మూటగట్టి సంచిలో వేశాడు. జెద్దా విమానాశ్రయంలో కస్టమ్స్ అతను ఆ మూట విప్పి, వాసన చూసి, ఇంకో ఇద్దర్ని పిలిచాడు. నాకు అరబ్బీ రాదు, వాళ్ళకు తెలుగు రాదు. ఏం చేయాలో తోచక నా చేతిరుమాలు తీసి, గింజను గుండుసూదితో పొడిచి, మా ఇంటి గుర్తు వేసి, సున్నం డబ్బాలోంచి ఇంత అద్ది చూపించాను. ముగ్గురూ వంగి చూశారు. పెద్దాయన జేబులోంచి తన రుమాలు కూడా తీసి చాపాడు. దానికీ వేశాను. నా సంచి మూసి ముద్ర కొట్టి పంపేశాడు.

ఆ గింజలే క్యాంపులో నాకు అన్నం పెట్టాయి. కంపెనీ ఇచ్చిన సిరా కలాల గుర్తులు నాలుగు ఉతుకులకు పోయేవి. గురువారం సాయంత్రం బట్టలు పంచేటప్పుడు ఒకడి ప్యాంటు కోసం ముగ్గురు కొట్టుకునేవాళ్ళు. నేను జీడి గుర్తులు మొదలుపెట్టాక ఆ గొడవ చల్లారింది. గుర్తు లేని బట్ట తొట్టిలో వేయకూడదన్నది మా బాపు నియమం. అది నేను సముద్రం దాటినా వదల్లేదు. ఆ నియమం వల్లే నా కొంప మునిగినంత పనైంది.

ఒకరోజు ఇంజనీర్ల గదుల నుంచి వచ్చిన దుప్పట్ల మూటలో ఒక దిండు గలీబు బరువుగా ఉంది. దులిపితే ఈ పసుపుపచ్చ చొక్కా పడింది. ఎవరిదో తెలియదు. గుర్తు లేదు. అలాంటి వాటికి మా బాపు దగ్గర ఒక గుర్తుండేది, చుట్టపు గుర్తు. ఊళ్ళోకి ఎవరైనా పరాయి మనిషి వచ్చి, ఏ ఇంటి వాడో తెలియకపోతే, అతని బట్టకు పైన ఒక అడ్డగీత, దాని కింద ఒక చుక్క వేసేవాడు. అంటే కప్పు, కప్పు కింద మనిషి. నేను అదే వేశాను. కాలర్ లోపల వేయాల్సింది పోయి, లేత రంగు కదా కనబడుతుందని ముందు అంచు మీద స్పష్టంగా వేశాను. మధ్యాహ్నానికి స్కఫోల్డింగ్ ఫోర్‌మన్ డెరెక్ సార్ రొప్పుతూ లాండ్రీలోకి వచ్చాడు. ఆరడుగుల పైన ఇంగ్లీషు మనిషి, విరిగి అతికిన ముక్కు, ఒక కాలు ఈడుస్తూ నడక. దండెం మీద చొక్కా చూసి, దగ్గరికి వెళ్ళి, అంచు పట్టుకుని బొటనవేలితో ఆ నల్ల గుర్తును రుద్దాడు. మళ్ళీ రుద్దాడు. ఆయన ముఖం ఎర్రబడింది.

కాసిం భాయ్ నా చెవిలో అన్నాడు. "ఏం జేసినావురా నాయనా! ఆయప్ప ఇంగ్లండులో ఫుట్‌బాల్ ఆటగాడంట. ఆ చొక్కా దిండులో పెట్టుకోని పండుకుంటాడని రూం బాయ్ చెప్తా ఉన్నాడు. ఇంగ నీకు ఎగ్జిట్ కొట్టిచ్చి ఇంటికి పంపిస్తాడు." "గుర్తు లేకుంట తొట్ల ఎయ్యద్దని మా బాపు జెప్పిండు భాయ్. ఎవలదో నాకెర్క లేదు. ఊరికొచ్చిన చుట్టం గుర్తేసిన," అన్నాను ఏడుపు గొంతుతో. కాసిం భాయ్ దాన్ని ఇంగ్లీషులో ఎంత చక్కగా చెప్పాడో నాకు తెలియదు. డెరెక్ సార్ వింటూ ఉండి, ఆ గీతనూ చుక్కనూ మళ్ళీ చూశాడు. ఏదో అన్నాడు. డెరెక్ సార్ మాటలన్నీ నాకు కాసిం భాయ్ నోటి మీదుగానే వచ్చాయి, అందుకని ఆ మనిషి నా జ్ఞాపకంలో ఇప్పటికీ కడప తెలుగే మాట్లాడతాడు. "తొమ్మిది ఊర్లకు ఆడినా. పదహారేండ్లు. యా ఊరోళ్ళూ నన్ను చుట్టమని గూడా రాసుకోల్యా," అన్నాడట. అని నవ్వాడు. ముక్కు వంకరగా ఉండడంతో నవ్వు ఒక పక్కకే వచ్చింది. ఆ నవ్వు చూశాక గానీ నేను ఊపిరి తీసుకోలేదు.

ఆ తర్వాత ఆయన మా లాండ్రీకి అలవాటు పడ్డాడు. గురువారం మధ్యాహ్నం సగం పూట సెలవు కాగానే వచ్చి, తిరగేసిన బుట్ట మీద కూర్చుని, కాసిం భాయ్ టీ తాగేవాడు. తన చిన్నప్పటి క్లబ్బులో మొదట రెండేళ్ళూ ఆటే లేదట, పెద్ద ఆటగాళ్ళ బూట్లు తుడవడమూ, చొక్కాలు ఉతికే ముసలమ్మకు తడి మూటలు మోయడమూనట. సబ్బు వాసన తగిలితే ఆ ముసలమ్మ గుర్తొస్తుందట. ఇంగ్లండు ఆటగాడంటే మేము కార్లూ బంగళాలూ అనుకున్నాం. ఆయన ఆడింది నాలుగో మెట్టులోనట, అంటే అన్నిటికన్నా కింది మెట్టు. చలికాలం ఆట, ఎండాకాలం గోడలకు సున్నం. బురద మైదానాలు, గంటలకొద్దీ బస్సు, చూడ్డానికి వచ్చేవాళ్ళు మా ఊరి సంతలో జనమంత కూడా ఉండరు. వెనక నిలబడి అవతలి వాళ్ళను గోలు కొట్టనివ్వకపోవడమే ఆయన పని. "మరి నువ్వెన్ని గోల్స్ కొట్టినవ్ సార్?" అని అడిగాను. నాలుగు వేళ్ళు చూపించి, ఒకటి మడిచి, అది మా సొంత గోల్లోకే వెళ్ళింది అన్నాడు. మేము నాలుగూ లెక్కలోకి తీసుకున్నాం. ఎక్కడైతే ఏం, గోలు గోలే కదా.

అక్కడ ఆటగాడికి చొక్కా సొంతం కాదని అప్పుడే తెలిసింది. సీజను అయిపోగానే విప్పి బుట్టలో వేయాలి. వచ్చే ఏడు అదే నంబరు ఇంకొకడు తొడుక్కుంటాడు. ఈ చొక్కా మటుకు ఆయన దొంగిలించిందేనట. ఒకసారి వాళ్ళ చిన్న క్లబ్బుకు ఒక పెద్ద జట్టుతో పోటీ పడే అదృష్టం పట్టి, ఆ రోజు వాళ్ళ మేటి ఆటగాణ్ణి ఈయన తొంభై నిమిషాలూ కదలనివ్వలేదు. ఆట సున్నా సున్నా. ఆ సాయంత్రం బుట్టలో చొక్కా వేసినట్టే వేసి కోటు కింద దాచేశాడు. "నా బతుకులో నాదని చెప్పుకునేది ఇదొగటే, అదీ దొంగసొత్తు," అనేవాడు. ఇంకో మాట కూడా చెప్పాడు, అది చెప్పినప్పుడు మాత్రం నవ్వలేదు. ఆయన ఆఖరి ఆట ఏదో ఒక మంగళవారం వానలో పదకొండు నిమిషాల ఆటట. అయిపోగానే తల మీద తువ్వాలు కప్పుకుని లోపలికి పరుగెత్తాడట. వేసవిలో, ఇక నీ అవసరం లేదని ఉత్తరం వచ్చింది. "అదే ఆఖరిదని తెలిసింటే, పరిగెత్తకుండా నెమ్మదిగా నడిచొచ్చేవాణ్ణి," అన్నాడు. అందుకనే మా క్యాంపు కప్పు పోటీలో యూరప్ వాళ్ళ జట్టుకు పేరిచ్చాడు. ఆ చలికాలంతో ఆయన కాంట్రాక్టు అయిపోతుంది, డాక్టరు మోకాలిని చూసి ఇక చాలన్నాడు. ఒక్క ఆట, ఇదే ఆఖరిదని తెలిసి ఆడాలని ఆయన ఆశ. టర్కీ వెల్డర్లతో ఫైనల్‌కు వచ్చారు కూడా.

ఆట ఇంకో వారం ఉందనగా ఇరాక్‌తో యుద్ధం వచ్చింది. రియాద్ వైపు క్షిపణులు పడుతున్నాయని రేడియో చెప్పేది. మా వైపు ఏమీ పడలేదు గానీ భయానికి దూరం తెలుస్తుందా? సైరన్ మోగితే విషవాయువు లోపలికి రాకుండా తలుపుల కింద తడి తువ్వాళ్ళు కుక్కాలని ఆర్డరు. తువ్వాళ్ళు తడిపి బుట్టల్లో సిద్ధంగా ఉంచడం లాండ్రీ వాళ్ళ పని. రోజూ తడిపేవాళ్ళం, రోజూ ముక్కిపోయిన వాసన వచ్చేవి, రోజూ మళ్ళీ ఉతికేవాళ్ళం. ఇరాక్ సంగతేమో గానీ మమ్మల్ని ఆ తువ్వాళ్ళే చంపాయి. యూరప్ వాళ్ళు ఒక్కొక్కరే విమానమెక్కి వెళ్ళిపోయారు. డెరెక్ సార్ వెళ్ళలేదు. కట్టిన స్కఫోల్డింగ్ విప్పేదాకా ఉంటానన్నాడు. యుద్ధం ముగిసి, మేము ఆఖరి తువ్వాలు ఆరేసిన వారమే నోటీసు పెట్టారు. యూరప్ జట్టుకు ఆటగాళ్ళు లేరు కనక కప్పు ఆట లేకుండానే టర్కీ వెల్డర్లకు ఇస్తామని. డెరెక్ సార్ ఎగ్జిట్ కాగితాలు కూడా తయారయ్యాయి. ఆ గురువారం ఆయన వచ్చి బుట్ట మీద కూర్చున్నాడు గానీ టీ ముట్టలేదు. ఆ మనిషిని అలా చూడలేకపోయాను. కాసిం భాయ్ ఇస్త్రీ ఆపి, "ఎంతమంది గావల్ల?" అన్నాడు.

పదిమంది దొరికారు. జగిత్యాల, నిర్మల్, కామారెడ్డి వైపు మేస్త్రీలూ కూలీలూ ఏడుగురు, మెస్సులో వంటచేసే మలయాళీలు ఇద్దరు, నేను. మలయాళీలకు ఆట తెలుసు. మావాళ్ళకు తెలిసింది కబడ్డీ. అవతలి వాడు బంతితో వస్తే ఇద్దరు చేతులు పట్టుకుని గొలుసు కట్టి, మూడోవాడు కాళ్ళ మీద పడి పట్టేసేవాడు. వదలమంటే, "కూత ఆపనియ్యి సార్, అప్పుడు ఇడుస్త," అనేవాడు నిర్మల్ మేస్త్రీ. డెరెక్ సార్ తల పట్టుకున్నాడు. రెండు రోజులాగి, మా లాండ్రీ నుంచి చేతిరుమాళ్ళు తెప్పించి ఒక్కొక్కడి రెండు పిడికిళ్ళలో ఒక్కోటి పెట్టాడు. రుమాలు కింద పడితే మైదానం చుట్టూ ఒక పరుగు. చేతులు కట్టుబడ్డాక మావాళ్ళ కాళ్ళలో అసలు విద్య కనిపించింది. పక్కకు జరగడం, వెనక్కి తగ్గడం, అవతలి వాడి కళ్ళు చూసి ఎటు పోతాడో పసిగట్టడం, అదంతా కబడ్డీయే కదా. "వీళ్ళకు సగం పని ముందే వచ్చు," అన్నాడాయన. పదకొండుమంది లెక్క కుదిరిందని క్యాంపు మేనేజరు నోటీసు చింపేసి శుక్రవారం ఆట పెట్టాడు.

జట్టంతా ఒకే రంగు చొక్కాలు వేయాలని రూలు. సార్‌ది పసుపుపచ్చ. కంపెనీ ఇచ్చిన తెల్ల బనియన్లు పది ఏరి, మెస్సు నుంచి పసుపు తెచ్చి, బాయిలర్ నీళ్ళలో నేనే రంగు వేశాను. ఎంత కుదిరిందనుకున్నారు! ఒక్కొక్కటి మంగళస్నానానికి కూర్చున్న పెళ్ళికొడుకులా నిగనిగలాడింది. నల్లజీడి తీసి పదింటికీ అదే చుట్టపు గుర్తు వేశాను. చాకలివాణ్ణయ్యుండి నేను మరిచిపోయిందల్లా ఒక్కటే. ఆ ఇసుక మైదానంలో గీతలు గీసింది సున్నంతో.

సాయంత్రం అసర్ నమాజు తర్వాత ఆట మొదలైంది. క్యాంపంతా వచ్చింది. టర్కీ వాళ్ళు ఒక్కొక్కడు దుంగలా ఉన్నాడు. మావాళ్ళకు కిందపడటం భయం లేదు, కబడ్డీ నేర్చిందే పడి లేవడం. పడ్డారు, చెమట బనియన్లతో సున్నపు గీతల మీద పొర్లారు. లేచేసరికి పసుపు కాస్తా ఎర్రగా మారింది. ఛాతీ మీద ఒకడికి, వీపు మీద ఒకడికి, నిర్మల్ మేస్త్రీకైతే కడుపు నిండా. రెఫరీగా ఉన్న ఈజిప్టు గుమాస్తా రక్తమనుకుని విజిల్ వేసి ఆట ఆపేశాడు. డాక్టరు పెట్టె పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. మేస్త్రీ బనియను ఎత్తి పొట్ట చూపిస్తే గీత కూడా లేదు. "పారాణి అబ్బా! పసుపు సున్నం కలిస్తే పారాణి గాక ఏమయితాది?" అని కాసిం భాయ్ గీత బయట పొట్ట పట్టుకుని నవ్వాడు. టర్కీ వాళ్ళకు అర్థం కాలేదు గానీ, అప్పట్నుంచి మమ్మల్ని ముట్టుకోవడానికి కొంచెం జంకారు. అది మాకు బాగా పనికొచ్చింది.

డెరెక్ సార్ పరుగెత్తలేదు. ఆ మోకాలితో పరుగెత్తలేడు కూడా. బంతి వచ్చే చోట ముందే నిలబడి ఉండేవాడు, బస్సు టైము తెలిసిన వాడిలా. నాకు చెప్పిన పని ఒక్కటే, ఆయనకు రెండు మూరల దూరంలో ఉండి, ఆయన చేయి ఊపిన వైపు వెళ్ళడం. ఆట చివర్లో టర్కీ వాళ్ళ పొట్టివాడొకడు నన్ను దాటాడు, మా గోల్‌కీపర్‌ను దాటాడు, ఖాళీ గోల్లోకి తన్నాడు. ఎక్కడి నుంచి వచ్చాడో సార్, ఒరిగిపోతూ ఆ ఈడ్చే కాలే చాచి బంతిని గీత మీద నుంచి బయటికి తోశాడు. కింద పడినవాడు వెంటనే లేవలేదు. "ఇగ చాలు సార్, బయటికి రా," అని చేయి పట్టుకున్నాను. తల అడ్డంగా ఊపి, నా భుజం ఆసరాగా లేచి నిలబడ్డాడు. ఆ మిగిలిన కాసిన్ని నిమిషాలూ ఒంటికాలి మీదే కాపలా కాశాడు. సూర్యుడు దిగాడు. మగ్రిబ్ అజాన్ మొదలవబోతుండగా రెఫరీ విజిల్ ఊదేశాడు. సున్నా సున్నా. కప్పు ఇద్దరికీ కలిపి అన్నారు గానీ, గోలు పడనివ్వని ఆయనకు కావల్సింది ఆ సున్నాయే.

మైదానం ఒక కొసన నిలబడి ఉన్నాడాయన, రెండో కొసన గేటు. ఇదే ఆఖరిది, ఆయనకు తెలుసు, మాకూ తెలుసు. నెమ్మదిగా నడిచి రావాలనుకున్న మనిషి. నా చుట్టూ చూస్తే పసుపు బట్టలు, పారాణి, జనం. మా ఊళ్ళో పెళ్ళికొడుకు ఇలా వస్తుంటే కాలు నేలకు తగలకుండా చాకలి తెల్లబట్టలు పరుస్తూ ముందు నడుస్తాడు. నడపావడ అంటాం. గెస్ట్‌హౌస్‌కు చేర్చాల్సిన ఉతికిన దుప్పట్ల బండి నేను గీత పక్కనే ఆపి ఉంచాను. ఆలోచించలేదు. ఒక దుప్పటి లాగి, దులిపి, ఆయన కాళ్ళ ముందు పరిచాను. అది దాటేలోపు ఇంకొకటి. కాసిం భాయ్ వెళ్ళి ఆయన భుజం కింద చేయి వేసి పట్టుకున్నాడు. ఇద్దరూ ఏదో మాట్లాడుకుంటూ వస్తున్నారు, సార్ ఏదో అడుగుతున్నాడు, భాయ్ చెబుతున్నాడు. నాకు వినే తీరిక లేదు. వెనక దుప్పటి తీసి ముందు వేయడం మా పద్ధతి. కానీ జట్టంతా, వాళ్ళతో పాటు టర్కీ వాళ్ళూ, వాటి మీదే ఊరేగింపుగా వస్తుంటే లాగినా రావే! గేటు ఇంకో నాలుగడుగులు ఉందనగా దుప్పట్లు అయిపోయాయి. ఖాళీ చేతులతో నిలబడ్డాను. డెరెక్ సార్ ఆగాడు. తల మీదుగా ఆ చొక్కా విప్పాడు. వంగి, నంబరు పైకి వచ్చేలా తనే నేల మీద పరిచి, దాని మీద ఒక కాలు, తర్వాత రెండో కాలు పెట్టి గేటు దాటాడు. జనం వేసిన కేకలకు అజాన్ ఇచ్చే ఆయన కూడా ఒక్క క్షణం ఆగి ఉంటాడు.

శనివారం దుప్పట్లన్నీ తెల్లగా ఉతికి గెస్ట్‌హౌస్‌కు చేర్చాం, సూపర్‌వైజర్ తిట్లు తింటూనే. చొక్కా ఉతికి ఇస్త్రీ చేసి సార్ గదికి వెళ్తే తాళం ఉంది. పొద్దుటి బస్సుకే జెద్దా వెళ్ళిపోయాడట. కాసిం భాయ్ ఆ వారమే సెలవు మీద కడప వెళ్ళాడు, తిరిగొచ్చాక కంపెనీ ఆయన్ను వేరే క్యాంపుకు వేసింది. నాలుగేళ్ళకు నేను ఇల్లు చేరి, చొక్కా బాపు ముందు పెట్టి సంగతంతా చెప్పాను. నడపావడగా పరిచిన బట్ట చాకలి హక్కు, అది మా ఆచారం. కానీ బాపు చొక్కాను రెండు వైపులా తిప్పి చూసి, "హక్కు ఎరిగి పరిస్తేనే మనది బిడ్డా. ఆ దొరకేమెరుక? బట్టలు అయిపోతే పరిచిండు. అది ఇయ్యవల్సిన బట్టే," అని తీర్పు చెప్పాడు. చాకలి పరుల బట్ట తొడగకూడదని ఆయన ఇంకో నియమం. అందుకని ఏటా ఒకసారి నీడన ఆరేసి, వేపాకు పెట్టి, మళ్ళీ బీరువాలో తగిలించాను. ఒక్కసారి కూడా ఒంటికి ఆనించుకోలేదు. ఇప్పుడు మనవళ్ళు సెల్‌ఫోన్లో చూపించే ఆటగాళ్ళ వీపుల మీద ఇంతేసి అక్షరాలతో పేర్లుంటాయి. ఊరూరా ఆ పేర్ల బనియన్లు అమ్ముతారు, రెండు ఉతుకులకు పేరు రాలిపోతుంది. నా జీడి గుర్తు మటుకు ఆ అంచు మీద నిన్న వేసినట్టే ఉంది.

ఇదంతా విని కాసిం భాయ్ టీ గ్లాసు కింద పెట్టాడు. "ఆ పొద్దు భుజం పట్టుకోని వస్తాంటే ఆయప్ప ఏమడిగినాడో తెలుసునా నీకు? ఈ దుప్పట్లెందుకు అన్నాడు. పెండ్లికొడుక్కి చేసే మర్యాద, నడిచినంక ఆ బట్ట పరిచినోనిదే అయితాది అని చెప్పినా. అయితే ఇవన్నీ రాజేశానివా అన్నాడు. యాడివి, కంపెనీవి, వానికి ఏమీ రాదు అన్నా. కాసేపు నడిచినాడు. మళ్ళా అడిగినాడు, 'ఊరికే తొక్కితే చాలునా?' అని. చాలు అన్నా. ఆ తర్వాతనే గదప్పా చొక్కా ఇప్పింది!"

కళ్ళలో నీళ్ళు తిరిగాయి, దాచుకోవాలనిపించలేదు. నీకు తెలుసనుకున్నాలే అంటున్నాడు కాసిం భాయ్. లేచి బీరువా తెరిచి, 'ఇవ్వవలసినది' చీటీ పీకేశాను. హ్యాంగర్ నుంచి చొక్కా తీసి, చాకలి పుట్టుక పుట్టాక మొదటిసారి, ఉతికిన బట్టను కౌంటర్ మీద పెట్టకుండా తలలోంచి దూర్చుకున్నాను. చేతులు పొడుగయ్యాయి, పొట్ట దగ్గర పట్టేసింది. భాయ్ మనవడు ఫొటో తీస్తానంటే వెనక్కి తిరిగి నంబరు చూపించాను. కౌంటర్ మీద పెళ్ళివాళ్ళ తెల్ల శాలువా ఉంది. కాసిం భాయ్ దానికేసి ఒకసారి, నాకేసి ఒకసారి చూసి నవ్వి, తన భుజం మీది తువ్వాలు తీసి దులిపి నా కాళ్ళ ముందు పరిచాడు. "నెమ్మదిగా నడువప్పా," అన్నాడు. దుకాణం ఆ కొస నుంచి ఈ కొసకు ఆరడుగులే. ఎంత నెమ్మదిగా నడవగలనో అంత నెమ్మదిగా నడిచాను.